సిస్టర్ మళ్లీ పేరు అడిగితే విసుక్కోకండి

అర్ధరాత్రి ఇంట్లో పెద్దాయనకు ఆయాసం వచ్చి 108లో జిల్లా ఆసుపత్రికి తీసుకొచ్చారనుకోండి. చీటీ రాయించేటప్పుడు పేరు చెప్పారు. బీపీ చూసేటప్పుడు మళ్లీ చెప్పారు. ఇంజెక్షన్ పట్టుకుని మంచం దగ్గరికొచ్చిన సిస్టర్ మూడోసారి అడుగుతుంది: "పేరేంటి? ఏ ఊరు? ఏ మందైనా పడదా?" వెంట వచ్చినవాళ్ల ఓపిక అక్కడ అయిపోతుంది. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా? ముందు సూది వెయ్యి" అంటారు. రాత్రి డ్యూటీల్లో నేను తరచూ వినే మాట ఇది. ఆ సిస్టర్ పని తెలిసిన మనిషి కాబట్టే అడిగింది. నలుగురు నాలుగుసార్లు కసిరితే ఐదో రోగి దగ్గర అడగడం మానేస్తుంది. ఆ ఐదో రోగి మీ ఇంటివాడే కావచ్చు.

మహబూబాబాద్‌లో ఒకే రాత్రి ఇద్దరు బానోత్ లక్ష్మిలు వచ్చి చేరడం వింతేమీ కాదు. జనగామ వైపు మల్లయ్యలకూ కొమురయ్యలకూ లెక్కలేదు. పోనీ మంచం నంబరు చూసి మందు ఇద్దామంటే, క్యాజువాల్టీలో గంట తిరిగేలోపు ఒకరిని లేపి ఇంకొకరిని పడుకోబెడతాం. అందుకే మందు ఇచ్చే ముందు, రక్తం ఎక్కించే ముందు కనీసం రెండు గుర్తులు సరిచూడాలని, మంచం నంబరును గుర్తుగా లెక్కించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పేరుతో పాటు తండ్రి పేరో, భర్త పేరో, తండా పేరో అడిగేది ఇందుకే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016లో జిల్లాలయ్యాయి. 2022లో మహబూబాబాద్‌కు, 2023లో మిగతా రెండింటికి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడు నేరుగా వరంగల్ ఎంజీఎంకు పోయే కేసులు చాలావరకు ఇప్పుడు ముందు ఇక్కడే దిగుతున్నాయి. జనగామలో హైవే ప్రమాదాలు, మహబూబాబాద్ మిర్చి, పత్తి చేలల్లో పురుగుల మందు, భూపాలపల్లి అడవి పక్క ఊళ్లలో పాముకాటు. డ్యూటీ డాక్టర్ ఒక రోగికి గొంతులో గొట్టం వేస్తుంటే మిగతా మంచాలను కనిపెట్టుకుని ఉండేది నర్సే. ప్రభుత్వం వాళ్ల హోదాను నర్సింగ్ ఆఫీసర్ అని మార్చింది. మనకు మాత్రం ఇంకా సిస్టరే, అందులో తప్పేం లేదు. ఆ సిస్టర్‌కు ఏం తెలుసు అన్నదాని మీద మీ మనిషి ప్రాణం ఎంతగా ఆధారపడి ఉందో తెలుసుకోవాలి.

పాముకాటునే తీసుకోండి. నర్సు రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి చిన్న గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు పక్కన పెడుతుంది. మీకది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. "పాము కరిస్తే చూస్తూ కూర్చున్నారు" అని ఫోన్లో వీడియో తీసేవాళ్లూ ఉన్నారు. రక్తపింజర విషం ఎక్కితే రక్తం గడ్డకట్టదు. ఇరవై నిమిషాల తర్వాత గొట్టం వంచితే ఆ సంగతి తేలిపోతుంది. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగిందైనా ఫలితం తప్పుతుంది. కొత్తదీ, పొడిదీ, గాజుదీ కావాలన్న ఆ చిన్న విషయం నర్సుకు తెలిసి ఉండాలి. రక్తం గడ్డకట్టినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది. కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా అని రాత్రంతా చూస్తూ ఉండాలి. విషానికి విరుగుడు ఎక్కించేటప్పుడు కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోతుంది. అందుకే సెలైన్ మొదలుపెట్టకముందే అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉండాలి. అప్పుడు వెతుక్కుంటే ఆలస్యమే.

గడ్డి మందు తాగిన కేసు ఇంకోటి. మనిషి ఆయాసపడుతుంటే "ఆక్సిజన్ పెట్టరేం?" అని బంధువులు మీదికొస్తారు. అది పారాక్వాట్ అయితే ఆక్సిజన్ ఊపిరితిత్తులను మరింత పాడుచేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతే తప్ప పెట్టకూడదు. గడ్డి మందు పేరుతో మన పల్లెల్లో వాడేవి చాలా రకాలు, వాటి వైద్యాలూ వేరు. "డబ్బా తెచ్చారా?" అని సిస్టర్ అడిగేది అందుకే. డబ్బాను చెత్తకుప్పలో పారేసి రావద్దు. తేలేకపోతే దాని మీది పేరు కనిపించేలా ఫొటో అయినా తీసుకురండి.

ఇన్సులిన్ విషయం షుగర్ ఉన్న ప్రతి ఇల్లూ తెలుసుకోవాలి. బుడ్డీల్లో దొరికే ఇన్సులిన్ సాధారణంగా మిల్లీలీటర్‌కు 40 యూనిట్లు, పెన్నులో వాడేది 100 యూనిట్లు. పెన్ను పాడైందని అందులోని మందును 40 సిరంజిలోకి లాగితే అదే గీత దగ్గర రెండున్నర రెట్లు ఎక్కువ వస్తుంది. తెలిసిన నర్సు సిరంజి మూత రంగు కూడా చూస్తుంది: ఎరుపు 40కి, నారింజ 100కి.

ఇవన్నీ పాఠాల్లో ఉన్నవే, శిక్షణలో చెప్పేవే. రాతపరీక్ష పెడితే మా సిస్టర్లలో చాలామంది రాస్తారు కూడా. తెలిసినదాన్ని నోరు తెరిచి చెప్పనిస్తున్నామా అన్నది నా అనుమానం. హడావిడిలో డాక్టర్ నోటితో చెప్పిన మోతాదును నర్సు తిరిగి చదివి వినిపించాలన్నది నియమం. "రెండు ఎంజీ అన్నారా సార్?" అంటే మా వాళ్లలో కొందరికి ధిక్కారంలా వినిపిస్తుంది. పొరపాటు జరగబోయి తృటిలో తప్పిపోతే దాన్ని రాసిపెట్టాలన్నదీ నియమమే. రాసినవాళ్లకు మెమో వస్తుందంటే ఎవరు రాస్తారు? రాయకపోతే ఒకేలా కనిపించే రెండు మందు సీసాలు ఒకే ట్రేలో అలాగే ఉండిపోతాయి.

సంఖ్య సంగతీ చెప్పాలి. 2014లో లాన్సెట్ పత్రిక తొమ్మిది ఐరోపా దేశాల్లో నాలుగు లక్షలకు పైగా ఆపరేషన్ రోగుల వివరాలతో ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. ఒక్కో నర్సు మీద ఒక రోగి అదనంగా పడితే నెలలోపు మరణించే అవకాశం ఏడు శాతం పెరుగుతున్నట్టు అందులో తేలింది. ఆ దేశాలతో పోలిక వద్దనుకున్నా, రాత్రిపూట మన వార్డుల్లో ఒక నర్సుకు ఎంతమంది రోగులో మీరే ఒకసారి లెక్కపెట్టి చూడండి. 2024 జనవరిలో దాదాపు ఏడు వేల మంది నర్సింగ్ ఆఫీసర్లకు ప్రభుత్వం నియామక పత్రాలు ఇచ్చింది. మంచి పని. అయితే కొత్తగా చేరినవారిని నాలుగు రోజులు సీనియర్ పక్కన నిలబెట్టకుండా నేరుగా క్యాజువాల్టీలో వదిలితే, నియామకం జరిగినంత లాభం రోగికి రాదు.

ఇక మీ వైపు నుంచి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసి తలుపు దగ్గరే ఉంచండి. పిల్లల బరువు గుర్తుపెట్టుకోండి, మోతాదు దాన్నిబట్టే ఉంటుంది. సిస్టర్ సిరంజిలోకి మందు లాగుతున్నప్పుడు మాత్రం పలకరించవద్దు, ఆ అర నిమిషం ఆగండి. తర్వాత "ఇది ఏం మందు సిస్టర్?" అని మర్యాదగా అడగడం మీ హక్కు.

ఎంజీఎంకు పంపిస్తున్నామని చెప్పినప్పుడు అందరూ బండి కోసం పరుగెత్తుతారు. ఒకరు మాత్రం ఆగి రెఫరల్ కాగితం చూడండి. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చారో, పాముకాటు విరుగుడైతే ఎన్ని సీసాలు ఎక్కించారో అందులో ఉండాలి. లేకపోతే బండి కదలకముందే సిస్టర్‌ను అడిగి రాయించుకోండి.