వనితా విజయములు: బేబ్ జహారియాస్

సంగీతము నేర్చిన స్త్రీ పేరంటమున పాడినచో అందఱును మెచ్చుకొందురు. ఆమెయే పాటకు ప్రతిఫలము పుచ్చుకొన్నచో ముఖము చిట్లించువారు కలరు. కుట్టుపని, అల్లికపని, చిత్రలేఖనము, వీనియందును ఇదే తీరు. విద్య వినోదమునకైనచో గౌరవము, జీవనమునకైనచో చులకన. ఈ భావము మన యిండ్లలోనే కాక అమెరికా దేశమునందును ఉండెడిది. దానితో పెనగులాడిన యొక స్త్రీ చరిత్రమును ఈ నెల సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మిల్డ్రెడ్ డిడ్రిక్సన్ 1911వ సంవత్సరము జూన్ 26వ తేదీన టెక్సాస్ రాష్ట్రమందలి పోర్ట్ ఆర్థర్ పట్టణమున జన్మించెను. తలిదండ్రులు నార్వే నుండి వలస వచ్చినవారు. తండ్రి వడ్రంగి, సంతానము ఏడుగురు. 'బేబ్' అను ముద్దుపేరే ఆమెకు తుదివఱకు నిలిచిపోయినది. ఆమె డల్లాసులో నొక భీమా కంపెనీలో ఉద్యోగమున చేరి, ఆ కంపెనీ జట్టున బాస్కెట్‌బాలు ఆడెను. 1932లో జాతీయ పోటీలకు కంపెనీ పక్షమున తానొక్కతెయే పోయి 30 పాయింట్లు సంపాదించెను. 22 మందితో వచ్చి రెండవ స్థానమున నిలిచిన జట్టునకు లభించినవి 22 మాత్రమే. ఆ యేటనే లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలలో ఈటె విసరుటయందును, 80 మీటర్ల హర్డిల్సు పరుగునందును స్వర్ణపతకములు, ఎత్తు దూకుటయందు రజతపతకము గెలుచుకొనెను.

కాని పతకములతో పొయ్యి వెలుగదు. బేబ్ డబ్బు పుచ్చుకొని బాస్కెట్‌బాలు, బేస్‌బాలు ప్రదర్శనలలో ఆడి యింటివారిని ఆదుకొనెను. పిమ్మట గోల్ఫుపై మనసు నిలిపెను. విశాలమగు పచ్చికబయలున 18 గుంతలలోనికి వరుసగా బంతిని చేర్చవలెను. అతితక్కువ దెబ్బలలో ముగించినవారిదే గెలుపు. చూచుటకు సులువు, చేయుటకు కష్టము. బేబ్ అరచేతులు బొబ్బలెక్కి నెత్తురు కాఱువఱకు సాధన చేసెనట.

ఆ కాలమున గోల్ఫు సంపన్నుల క్లబ్బులలోని ఆట. ఊరక ఆడువారు అమెచ్యూరులు, డబ్బునకాడువారు వృత్తిక్రీడాకారులు. స్త్రీలకు ఘనమైన పోటీలు చాలవఱకు అమెచ్యూరులకే. 1935లో బేబ్ టెక్సాస్ రాష్ట్రపు అమెచ్యూరు పోటీ గెలిచినది. వెంటనే అమెరికా గోల్ఫు సంఘమువారు, ఇతర క్రీడలలో ధనము పుచ్చుకొన్నది గావున ఆమె వృత్తిక్రీడాకారిణియే యని తీర్మానించి అమెచ్యూరు పోటీల తలుపు మూసివేసిరి. ఆమె జీన్ సారజెన్ అను ప్రసిద్ధ క్రీడాకారునితో కలిసి ఊరూర ప్రదర్శనలాడుచు జీవించెను.

1938లో ఆమె జార్జి జహారియాస్ అను మల్లయోధుని పెండ్లాడెను. ఆతని సంపాదన సంసారమునకు చాలియుండెను. మూడేండ్లు ఆటవలన కాసైన పుచ్చుకొనకున్నచో ఆమెను మరల అమెచ్యూరుగా గ్రహింతుమని సంఘమువారు చెప్పిరి. ఆమె ఆ నియమమును పాటించి 1943లో ఆ హోదాను తిరిగి పొందెను. చదువరులు ఇచ్చట నొక్క విషయము గమనింపవలెను. ధనమును తాకకుండుట ఎవరికి సాధ్యము? పుట్టినింటనో మెట్టినింటనో వేఱొకరి సంపాదన ఉన్నవారికే గదా! వడ్రంగి కూతురికి అది పెండ్లియైన పిమ్మటనే సాధ్యమైనది.

1946లో అమెరికా జాతీయ అమెచ్యూరు బిరుదమును, 1947లో స్కాట్లండునందలి గల్లెన్‌లో బ్రిటిషు అమెచ్యూరు బిరుదమును ఆమె గెలిచెను. ఈ రెండవది అంతకుముందు ఏ అమెరికా స్త్రీకిని దక్కలేదు. ఆ యేటనే ఆమె తిరిగి వృత్తిక్రీడాకారిణి ఆయెను. మొదట శిక్షగా పైబడిన పేరును ఈ సారి తానే కోరి తెచ్చుకొనెను.

వృత్తి యున్నను పోటీలు తగినన్ని లేవు. అందుచే 1950లో 13 మంది స్త్రీలు చేరి 'ఎల్.పి.జి.ఏ.' అను మహిళా గోల్ఫు సంఘమును స్థాపించిరి. వారిలో బేబ్ ఒకతె. ఊరినుండి ఊరికి పోయి వరుసగా పోటీలాడు ఈ యేర్పాటునకే 'టూరు' అని పేరు. ఉత్తరములు వ్రాయుట, మైదానము సిద్ధపఱచుట, లెక్కలు చూచుట మొదలగు పనులన్నియు తొలినాళ్లలో ఆడువారే చేసికొనిరి. బేబ్ గొప్పలు చెప్పుకొనునని తోడివారికి కొంత కినుక యుండెడిది. అయినను జనము ఆమెను చూచుటకే తరలివచ్చుటచే అందఱికిని మేలు కలిగెను. 1951లో ఆమె బహుమతుల మొత్తము 15 వేల డాలర్లు దాటినది.

1953లో ఆమెకు పెద్దప్రేగున క్యాన్సరు కనబడినది. వైద్యులు ప్రేగులో కొంతభాగము తీసివేసి, మలము వెడలుటకు ఉదరముపై మార్గమేర్పఱచిరి. ఇట్టి జబ్బుల పేరు పలుకుటకే జనులు సంకోచించు ఆ దినములలో ఆమె తన రోగమును దాచక లోకమునకు తెలియనిచ్చెను. మూడున్నర నెలలకే మరల పోటీలో నిలిచెను. మరుసటి యేట మసాచుసెట్స్ రాష్ట్రమందలి పీబాడీలో జరిగిన అమెరికా మహిళా ఓపెన్ పోటీలో, కడపటి దినమున 36 గుంతలు ఆడి, 12 దెబ్బల వ్యత్యాసముతో గెలుపొందెను. 1948, 1950 సంవత్సరముల గెలుపులతో కలిపి అది మూడవది. రోగము మరల తిరుగబెట్టి 1956వ సంవత్సరము సెప్టెంబరు 27న, 45వ యేట ఆమె కన్నుమూసెను.

ఆ 13 మంది నాటిన సంఘము నేటికిని నిలిచి దేశదేశముల యువతులకు జీవనాధారమైయున్నది. మన యిరుగుపొరుగున కుట్టుపనిచే బిడ్డలను చదివించుకొను ఇల్లాలు కూలి అడిగినప్పుడు, "తెలిసినవారమే గదా" యని బేరమాడక, ఆమె నేర్పునకు తగిన వెలను సంతోషముతో చేతబెట్టుదము. పుచ్చుకొను ఆమెకును తల వంచుకొన బనిలేదు.