శివారునకు చేరని తీగ

గోదావరి డెల్టాలో కాలువ మంచిచెడ్డలను ధవళేశ్వరమువద్ద నిలుచుండి నిర్ణయించువారు లేరు. ఆనకట్ట నిండి పొరలుచున్నను, ప్రధానకాలువ గట్టుల నొరసి పారుచున్నను, శివారు రైతు మడి తడియనిచో ఆ యేడు నీరు రాలేదనియే లెక్క. 1852లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి మనవారు అనుభవముచే నేర్చిన న్యాయమిది. అంతర్జాలమును మోసికొనివచ్చు బ్రాడ్‌బ్యాండు తీగ విషయమున మాత్రము పాలకు లీ న్యాయమును మరచిరి. ఎన్ని వేల కిలోమీటర్లు తీగ లాగితిమో చెప్పుచున్నారు. చివరి దుకాణమునకు అది పనికివచ్చునట్లు చేరినదా యని విచారించువారు అరుదు.

ఇది పట్టణ యువకుల వినోదమునకు సంబంధించిన ముచ్చట యని కొందరు తలపవచ్చును. అది పొరపాటు. 2018 నుండి యేబదివేల రూపాయలకు మించిన సరకు కదలవలెనన్న సాధారణముగా ఈ-వే బిల్లు కావలెను. అయిదు కోట్లకు మించిన వ్యాపారము గలవారు ఇతర వ్యాపారులకు వ్రాయు బిల్లులను సయితము 2023 ఆగస్టు 1 నుండి అంతర్జాలముననే నమోదు చేయవలసియున్నది. బిల్లు పుట్టనిదే లారీ కదలదు. లారీ కదలనిదే కూలికి కూలి ముట్టదు. భీమవరపు రొయ్యల వ్యాపారి ధర తెలిసికొనుటకును, కడియపు నర్సరీవాడు దూరదేశపు బేరగానికి మొక్క చూపుటకును, ఆత్రేయపురపు పూతరేకులకును నరసాపురపు లేసునకును పొరుగు రాష్ట్రములలో కొనుగోలుదారు దొరకుటకును ఈ తీగయే నేటి రహదారి. తీగ తెగిన గంట వ్యాపారమునకు సంత చెడిన గంట. చట్టము వ్యాపారిని అంతర్జాలమునకు కట్టివేసినప్పుడు, ఆ అంతర్జాలమును అతని గుమ్మమువరకు చేర్చు బాధ్యతయు ప్రభుత్వమునదే.

మన సీమకు తీగ రాలేదని మేము చెప్పుట లేదు. రాష్ట్రములో ముందుగా వచ్చిన పల్లెలలో నొకటి మన కోనసీమలోనిదే. 2016 డిసెంబరు 29న సఖినేటిపల్లి మండలపు మోరి గ్రామమున నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ఫైబరు పథకమును ప్రారంభించిరి. మరుసటి యేడు డిసెంబరు 27న రాష్ట్రపతి కోవిందుగారు దానిని జాతికి అంకితము చేసిరి. నెలకు 149 రూపాయలకే అంతర్జాలము, టెలిఫోను, టెలివిజను ఇత్తుమనిరి. భూమి త్రవ్వక విద్యుత్ స్తంభములమీదుగా తీగ లాగుటచే ఖర్చు తగ్గినది, పని వేగిరపడినది. సంకల్పము మెచ్చదగినదే. అయిన నారంభోత్సవము వేరు, నిర్వహణము వేరు. కాలువ త్రవ్విన తరువాత పూడిక తీయనివాడు త్రవ్విన కీర్తికి మాత్రము హక్కుదారు కానేరడు.

దోష మెచ్చటనున్నదో చూతము. విద్యుత్ స్తంభము నాశ్రయించిన తీగకు స్తంభముతోడిదే బ్రతుకు. 1996 నవంబరు తుపానును చూచినవారికి మన తీరమున స్తంభముల గతి చెప్పనక్కరలేదు. రెండవది, ఒకే తీగను పెక్కు గృహములు పంచుకొనుట. తగినంత సామర్థ్యము కల్పింపనిచో, తూములు పెరిగిన బోదెవలె, సాయంకాల మందరు తెరచునప్పటికి చివరివానికి చుక్క మిగులదు. మూడవది, రాజమహేంద్రవరము, కాకినాడలలో పోటీపడి వచ్చు కంపెనీలకు పాయల నడుమ విసరివేసినట్లున్న లంకయూళ్ళలో లాభము కానరాదు. అచ్చట ప్రభుత్వపు తీగ చెడినచో మారు తీగ లేదు, సెల్‌ఫోనే గతి.

ఆ సెల్‌ఫోను కూడ మూగవోయిన దినములను కోనసీమ మరువలేదు. జిల్లా పేరు విషయమై 2022 మే 24న అమలాపురమున చెలరేగిన దౌర్జన్యము, గృహదహనములు తీవ్రముగా ఖండింపదగినవి. కాని తప్పు చేసినవారిని పట్టుటతో నాగక, సెల్‌ఫోనులలోని అంతర్జాలమును దినములతరబడి నిలిపివేసిరి. ఇంటనుండి పనిచేయు ఉద్యోగులు సంకేతము దొరకు తావులకై పొరుగు ప్రాంతములకు పోవలసివచ్చినది. కొందరు గండి కొట్టిరని కాలువ నంతటిని కట్టివేసిన పైరు గతి యేమి? అంతర్జాలము ద్వారా వృత్తివ్యాపారములు సాగించుకొను స్వేచ్ఛకు రాజ్యాంగ రక్షణ కలదనియు, నిలుపుదల యుత్తరువులను ప్రకటింపవలెననియు, అవి యవసరమునకు మించరాదనియు సుప్రీంకోర్టు 2020 జనవరి 10ననే తీర్పు చెప్పియుండెను.

ఇక చేయవలసినది. కేంద్రప్రభుత్వము 2023లో భారత్‌నెట్‌ను సవరించుచు, పంచాయతీలను వలయాకారముగా కలుపుటకు నిశ్చయించినది. ఒక వైపు తెగిన రెండవ వైపునుండి సరఫరా వచ్చునన్నమాట. ఏటేట తుపానుల నెదుర్కొను మన తీరపు మండలములకు ఈ యేర్పాటు ముందుగా కావలెను. సాయంకాలపు రద్దీవేళ ప్రతి పంచాయతీలోను చివరి గృహమున వేగమును కొలిచి, ఆ లెక్కను నెలనెల పంచాయతీ గోడమీద వ్రాయింపవలెను. సరఫరా నిలిచిన దినములకు చందా వసూలు చేయరాదు.

పాఠకులకును ఒక మాట. 1997 చట్టముచే కాలువలకు నీటిసంఘము లేర్పడినవి. మిల్లుదారులు, రైతులు, వర్తకులు, చదువుకొన్న యువకులు కూడి తీగకును ఊరూర అట్టి సంఘము నేర్పరచుకొనరాదా? నీరు రానిచో లాకులవద్దకు పోయి నిలదీయుట మనకు తెలియును. తీగ విషయమున మాత్రము ఎవరి సెల్‌ఫోనును వారు పైకెత్తి సంకేతమునకై వెదకికొనుచున్నాము. ఇది పౌరునికి తగిన పని కాదు. చందా చెల్లించువాడు యాచకుడు కాడు, హక్కుదారు. శివారున నిలుచుండి లెక్క యడిగిననాడే ఈ తీగయు మన కాలువవలె మన సొత్తగును.