గృహిణీ విజ్ఞానము: పసిబిడ్డల వైద్యు లెట్లు తయారగుదురు?

మా నందికొండలో మా యింటికి నాలుగిండ్ల యవతల నున్న యొక యిల్లాలు మొన్న నాయొద్దకు వచ్చి, “అక్కా, మా పిల్ల అయిదున్నర యేండ్లు చదివి డాక్టరైనది. మేము సంబంధములు చూచుచున్నాము. అదేమో పసిపిల్లల వైద్యము నేర్తునని మరి మూడేండ్లు గడువడుగుచున్నది. డాక్టరైన పిదప మరల డాక్టరగుట యేమి? జ్వరమునకు మందిచ్చుటకు పెద్దలకొక చదువు, పిల్లలకొక చదువునా?” యని యడిగినది. ఇట్టి ప్రశ్న మీ యిండ్లలోను పుట్టవచ్చును గనుక ఈ మాసము దీనినే యెత్తుకొనుచున్నాను.

ముందుగా నా యనుభవ మొకటి చెప్పెదను. మా చిన్నవాడు ఏడాది నిండక మునుపు ఒకరేయి వాంతులతోను విరేచనములతోను సొమ్మసిల్లినాడు. దవాఖానకు గొనిపోగా అచటి పిల్లల డాక్టరమ్మ నన్ను మొట్టమొదట అడిగినమాట, “అమ్మా, ఉదయమునుండి బిడ్డ ఎన్నిమారులు మూత్రము పోసినాడు?” అని. నేను వాంతులు లెక్కించితిని గాని దానిని లెక్కింపలేదు. ఆమె బిడ్డ నడినెత్తిమీది మెత్తని మాడు లోనికి దిగినదా యని తాకి చూచెను. పొట్టమీది చర్మమును పట్టి విడిచి, అది యెంతసేపటికి సరియగునో గమనించెను. ఏడ్చునపుడు కన్నీరు వచ్చుచున్నదా యని చూచెను. ఒంటిలో నీరెంత తరిగినదో ఆ గుర్తులే ఆమెకు చెప్పినవి. ఓ.ఆర్.ఎస్. నీటిని చెంచాతో కొంచెము కొంచెముగా తాగించుచు తెల్లవారువరకు నన్నక్కడనే కూర్చుండబెట్టెను. బిడ్డ తేరుకొనెను. తన బాధ తాను చెప్పలేని రోగిని చదువుట వేరొక విద్యయని ఆనాడు నాకు తెలిసినది.

ఇది క్రొత్తమాట గాదు. మన ఆయుర్వేదమునకు గల యెనిమిది యంగములలో కౌమారభృత్యమను బాలవైద్యము ఒకటి. కాశ్యపసంహిత యందు బిడ్డ చేష్టలనుబట్టి వేదన నెరుగుటకే యొక యధ్యాయము గలదు. చెవిపోటుగల శిశువు చేతులతో చెవులు తాకుననియు, తలనొప్పిగల శిశువు తల మిక్కిలి కదల్చుననియు అందు చెప్పబడినది. నేటి వైద్యులును అట్లే గమనింతురు. దానికి లెక్కలను చేర్చినారు. దగ్గుతో నున్న బిడ్డ నిమిషమునకు తీయు ఊపిరులు రెండునెలల లోపువారికి 60, రెండునెలలు మొదలు ఏడాదిలోపు వారికి 50, ఏడాది మొదలు అయిదేండ్ల లోపువారికి 40 — ఇంతగాని, ఇంతకు మించిగాని యున్నచో న్యుమోనియా యని శంకింపవలెను. మందును బిడ్డ బరువునుబట్టి కొలిచి యియ్యవలెను. పెద్దవారి మాత్రను సగము విరిచినంతమాత్రమున అది పిల్లల మందు కాజాలదు.

ఇక చదువు సంగతి. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర యేండ్లు, ఆపై దవాఖానలో ఇంటర్న్‌షిప్ ఒక యేడు. చివరిభాగపు పరీక్షలలో పిల్లల వైద్యమును గలదు. ఇంటర్న్‌షిప్‌లో కొన్ని వారములు పిల్లల వార్డులో పనిచేయవలెను. అంతతో ఆమె డాక్టరగును గాని పిల్లల వైద్యురాలు కాదు. పిదప నీట్ పి.జి. యను ప్రవేశపరీక్ష వ్రాయవలెను. ఒకమారు తగిన స్థానము రాక మరల వ్రాయువారు పెక్కుమంది. అది తెలివితక్కువ యని యెంచరాదు.

అందులో వచ్చిన స్థానమునుబట్టి త్రోవలు మూడు. వైద్యకళాశాలలో మూడేండ్ల ఎం.డి. మొదటిది. జాతీయ పరీక్షామండలి గుర్తించిన దవాఖానలలో మూడేండ్ల డి.ఎన్.బి. రెండవది. రెండేండ్ల డిప్లొమా మూడవది. డిప్లొమా ముగించినవారు మరి రెండేండ్లు చదివి డి.ఎన్.బి. పొందవచ్చును. ఎం.డి.లో వార్డు, నవజాత శిశువుల విభాగము, టీకాలు, రాత్రిపని, పరిశోధన వ్యాసము అన్నియు నుండును. మూడునెలలు జిల్లా దవాఖానలో పనిచేయుటయు విధియే. అటుపై నవజాత శిశువుల వైద్యమో, పిల్లల గుండెవైద్యమో ప్రత్యేకముగా నేర్వగోరువారికి డి.ఎం. మరి మూడేండ్లు.

మన ప్రాంతమున నీ విద్యకు పేరుగన్నది హైదరాబాదులోని నిలోఫర్ దవాఖాన. 1949లో తన పరిచారిక ప్రసవవేళ మరణింపగా నిలోఫర్ రాకుమారి మిగుల దుఃఖించి, తల్లులకును బిడ్డలకును వైద్యాలయ ముండవలెనని పట్టుబట్టెనని చెప్పుదురు. అది 1953లో వెలసినది. ఉస్మానియా వైద్యకళాశాల విద్యార్థు లచటనే పిల్లల వైద్యము నేర్చుదురు. మహబూబ్‌నగరమున 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. మన పిల్లలు వైద్యవిద్యకై మునుపటివలె దూరదేశము పోనక్కరలేదు.

నల్లగొండ జిల్లాకు పిల్లల వైద్యు లేల మిక్కిలి కావలెనో మీ రెరుగుదురు. ఇచటి భూగర్భజలములలోని ఫ్లోరైడు ఎందరి పండ్లను గారపట్టించి, యెందరి యెముకలను వంచినదో! పండ్లు ఏర్పడుచున్న బాల్యముననే ఆ దోషము పట్టును. ఒకమారు పట్టిన పిమ్మట మందులతో పోదు. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిని శుద్ధిచేయు పద్ధతికి లోకమంతట నల్లగొండ పేరే నిలిచినది. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ కృష్ణానీటిని ఇంటింటికి చేర్చ బూనినది. అయినను బిడ్డ పండ్లు చూచి, “ఏ నీరు తాగుచున్నాడు?” అని తల్లి నడుగు వైద్యురాలు ఊరూర కావలెను. అట్లడుగుట ఈ గడ్డపై పుట్టినవారికి సులువుగా తోచును.

మా పొరుగామెకు నే నిదంతయు చెప్పి, “పదునేడవయేట చేరిన పిల్లకు చదువు ముగియుసరికి ఇరువదియారో ఇరువదియేడో వచ్చును. అది పెద్ద గడువే, కాదనను. పెండ్లికి ఆగుటయా, పెండ్లియైన పిదప చదువుటయా యనునది పిల్లతో కూర్చుండి తేల్చుకొనుము. పెండ్లి ముందే చేయుదువేని, మూడేండ్ల రాత్రిపని యుండునని వరునివారికి సంబంధము కలుపుకొనక మునుపే చెప్పుము. దాచి చేసిన పెండ్లిలో చదువు సగములో నిలిచిపోవును, ఆ సగము చదువు పిల్ల మనసులో ముల్లగును” అంటిని.

ఆమె చాలసేపు పలుకలేదు. పిదప, “అది చిన్ననాడు తమ్మునికి జ్వరము వచ్చినప్పుడు రాత్రియంతయు వాని ఊపిరి చూచుచు కూర్చుండెడిది, అక్కా” అని లేచిపోయినది. సంబంధములు చూచుట మానలేదు గాని, నిన్ననే కూతురిచేత ప్రవేశపరీక్షకు రుసుము కట్టించినదని విన్నాను.

సోదరీమణులారా, వైద్యురాలు ఎన్నియేండ్లు చదివినను రాత్రింబవళ్లు బిడ్డచెంత నుండునది తల్లియే. ఎన్నిమారులు మూత్రము పోసినది, పాలు తాగినది లేనిది, ఊపిరి యెట్లాడుచున్నది — వీనిని గమనించి చెప్పుడు. ఆ తొమ్మిదేండ్ల చదువు మన బిడ్డకు అక్కరకు వచ్చుట మనము చెప్పు ఆ నాలుగు మాటలతోనే మొదలగును.