కాలనీ సంఘంలో మన కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంది?

హైదరాబాద్ శివార్లలో లేఅవుట్లు వేసే వ్యాపారులు కొందరు మనవారికి ఒక ప్రత్యేకమైన ఆశ చూపుతున్నారు. మసీదుకు స్థలం వదిలామనీ, చుట్టూ ప్రహరీ కట్టామనీ, లోపల అందరూ మనవాళ్లే ఉంటారనీ చెబుతున్నారు. పాతబస్తీ ఇరుకు గల్లీలలో విసిగిన కుటుంబానికీ, పేరు చెప్పగానే ‘ఇల్లు అద్దెకు ఇచ్చేశాం’ అనే జవాబు నాలుగు గుమ్మాల వద్ద విన్న ఉద్యోగికీ ఈ మాట తీయగానే ఉంటుంది. ఆ బాధ నిజమైనది. దానికి ఈ మందు మాత్రం పనికిరాదు.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా అర్జీలు చదివి పైకి పంపినవాడిగా ఒక సంగతి చెప్పగలను. మురుగుకాలువ కోసం వచ్చిన అర్జీ కింద అన్ని వర్గాల సంతకాలూ ఉంటే దానిని పక్కన పెట్టడానికి అధికారి జంకుతాడు. ఒకే వర్గం సంతకాలుంటే ‘అది వాళ్ల బస్తీలే’ అన్న ఒక్క మాటతో దస్త్రం బీరువాలోకి పోతుంది. ఆ మాటను ఎవరూ నోట్ ఫైలులో రాయరు కనుక దానిపై అప్పీలూ ఉండదు. ముస్లింలు అధికంగా ఉండే ప్రాంతాలలో పౌర సదుపాయాల కొరతను సచార్ కమిటీ 2006లోనే ఎత్తిచూపింది. ఇక ప్రహరీ కూడా మనమే కట్టి ఇస్తే ఆ అధికారికి అంతకంటే ఏం కావాలి?

న్యాయస్థానాలున్నాయి కదా అనేవారు 2005 నాటి సుప్రీంకోర్టు తీర్పును గుర్తు చేసుకోవాలి. అహ్మదాబాదులోని ఒక జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకోగా, కోర్టు ఆ నిబంధనను సమర్థించింది. చిన్న వర్గానికి అది రక్షణగా తోచవచ్చు. అధిక సంఖ్యాకులు అదే వాదన ఎత్తుకున్ననాడు మన గతి ఏమిటి? ప్రత్యేక వెంచరులో ప్లాటు కొనే ప్రతి సోదరుడూ మనకు ఇల్లు నిరాకరించే యజమాని వాదనకే సాక్ష్యం పలుకుతున్నాడు.

అందరూ కలిసి ఉండే కాలనీలలోనైనా మనం సరిగా ఉంటున్నామా? మసీదు కమిటీ పదవికి హోరాహోరీగా పోటీపడేవారు కాలనీ సంక్షేమ సంఘానికి నెలవారీ చందా కట్టరు. జుమా నాడు పొరుగువారి గేటుకు అడ్డంగా బండి నిలిపి, ఈద్ నాడు షీర్‌ఖుర్మా గిన్నె పంపి సామరస్యం సాధించామనుకుంటారు. పవిత్ర ఖురాన్ అన్నిసా సూరా 36వ ఆయత్‌లో దగ్గరి పొరుగువారితోపాటు దూరపు పొరుగువారి ప్రస్తావన కూడా ఉంది. బండి నిలిపేటప్పుడు అది గుర్తుకు రావద్దా?

సంఘం సమావేశం గుడి ఆవరణలో జరుగుతుందనీ, వినాయక చవితి చందాకూ నీళ్ల మోటారు చందాకూ ఒకే రసీదు పుస్తకమనీ మనవారి ఫిర్యాదు. అలా జరిగే చోట అది ముమ్మాటికీ తప్పే. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైన సంఘానికి నియమావళి ఉంటుంది, లెక్కలు ఉంటాయి. పండుగ ఖాతా వేరు చేయమని, సమావేశం పార్కులోనో కమ్యూనిటీ హాలులోనో పెట్టమని సభలో లేచి అడగాలి. సభకే వెళ్లనివాడి అభ్యంతరం ఏ మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది? కొళాయి నీళ్లు రాని రోజు పడే ఇక్కట్లు మన స్త్రీలకు తెలిసినంతగా మనకు తెలియవు. వారిని ఇంట్లో ఉంచి మనం ఒక్కరమే వెళ్లడం కూడా సరికాదు.

వచ్చే వార్షిక సమావేశానికి ముందే బకాయి చందాలు చెల్లించండి. కార్యవర్గానికి నామినేషన్ వేయండి. మతం పేరుతో ఎవరికీ అద్దె ఇల్లు నిరాకరించరాదని ఒక తీర్మానం ప్రతిపాదించి, దానిని బలపరచడానికి ముస్లిమేతర పొరుగువారిలో ఒకరిని ముందుగా ఒప్పించండి. తీర్మానం వీగిపోవచ్చు. వీగిపోయినా, ఎవరు చెయ్యెత్తారో ఎవరు ఎత్తలేదో పేర్లతో సహా మినిట్స్‌లో రాయించండి.