పంటి పింగాణీ మళ్ళీ పెరుగుతుందా?

బల్లి తోక తెగితే మళ్ళీ మొలుస్తుంది. మీ మోకాలు గీసుకుపోతే చెక్కు కట్టి, కొద్ది రోజుల్లో కొత్త చర్మం వస్తుంది. మరి చౌటుప్పల్ ప్రాంతంలో చిన్నతనాన ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగినవారి పళ్ళమీద గోధుమరంగు మచ్చలు జీవితమంతా ఎందుకు ఉండిపోతాయి?

కారణం ఇది. దెబ్బతిన్న భాగం తిరిగి తయారు కావాలంటే, దాన్ని తయారుచేసే కణాలు అక్కడ బతికి ఉండాలి. చర్మంలో అలాంటి మూలకణాలున్నాయి. పంటిపైని పింగాణీ పొర సంగతి వేరు. దాన్ని కట్టే కణాలు పన్ను దవడలో ఉన్నంతకాలమే పనిచేస్తాయి. పన్ను బయటికి వచ్చేసరికి నశించిపోతాయి. గోడ కట్టిన మేస్త్రీ ఊరు విడిచి వెళ్ళిపోయినట్టే! కట్టే సమయంలో నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే ఆ గోడ లోపంతోనే తయారవుతుంది. తర్వాత ఎంత తోమినా ఆ లోపం పోదు.

మూలకణాలు మిగిలి ఉంటే విజ్ఞానశాస్త్రం ఏం చేయగలదో హైదరాబాదులోనే చూడవచ్చు. సున్నం కంట్లో పడితే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు కాలిపోయి చూపు పోవచ్చు. ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థలో డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం దీనికొక సులువైన పద్ధతిని 2012లో ప్రకటించింది. బాగున్న రెండో కంటి అంచునుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటిపై ఉమ్మనీటి సంచి పొర పరచి, దానిమీద అంటిస్తారు. ఆ కణాలే పెరిగి కొత్త పొరగా కమ్ముకుంటాయి.

పంటిమీద కూడా పరిశోధన సాగుతోంది. పంటి గుజ్జులో మూలకణాలున్నాయని అమెరికా శాస్త్రజ్ఞులు 2000లో ప్రకటించారు. వాటిని ఎలుకల్లో ప్రవేశపెడితే, పింగాణీ కింద ఉండే డెంటిన్ వంటి పదార్థం తయారైంది. పింగాణీని మాత్రం మనిషి నోట్లో తిరిగి పెంచే వైద్యం ఇంకా ఆసుపత్రులకు రాలేదు. డాక్టర్లు మచ్చల్ని తగ్గించగలరు, కప్పగలరు. అది మరమ్మతే.

"రేపు కొత్త పళ్ళే మొలిపిస్తారట, నీళ్ళ గొడవ ఇప్పుడెందుకు?" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రేపటి వైద్యం ఈనాటి మంచినీళ్ళకు బదులు కాదు. "మంచినీళ్ళు వచ్చాయిగా, ఇక పరిశోధన ఎందుకు?" అన్నా ఒప్పుకోకండి. ఇప్పటికే నష్టపోయినవారికి ఆ నీళ్ళు పోయిన పింగాణీని తిరిగి ఇవ్వలేవు. నోరు చేత్తో మూసుకుని నవ్వేవారిని మీరు చూసే ఉంటారు. పరిశోధన వారికోసం, నీళ్ళు పుట్టబోయేవారికోసం. రెండూ కావాలి. అయితే ఈరోజు మన చేతిలో ఉన్నది నీళ్ళే.

నదీజలాలను శుద్ధిచేసి ఇంటింటికీ పంపే మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్ 8న చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకపోవడం మంచిదని మనదేశపు ప్రమాణం చెబుతోంది. బోరునీళ్ళు చూడడానికి తేటగా ఉన్నంత మాత్రాన ఫ్లోరైడు లేదనుకోరాదు. అది కంటికి కనబడదు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

మీ ఇంట్లో ఎనిమిదేళ్ళలోపు తమ్ముడో చెల్లెలో ఉన్నారా? వాళ్ళ దవడల్లో ఆ మేస్త్రీలు ఇప్పుడే పనిలో ఉన్నారు. వాళ్ళు తాగే నీళ్ళు ఎక్కడివో ఈరోజే కనుక్కోండి.