విడిభాగాలు లేని వాహన విధానం

సూరత్ నుంచి సచిన్, నవసారి వైపు సాగే రహదారి మీద ఉంటుంది ఉన్. పాండేసరా, సచిన్ పారిశ్రామికవాడల నడుమ ఒదిగిన ఈ శివారు ప్రాంతంలో అధికులు రెక్కాడితేనే డొక్కాడే వలస జనం. తెలంగాణ పల్లెల నుంచి తరాలుగా సూరత్‌కు తరలివచ్చిన నేతన్నలకూ ఇలాంటి శివార్లు కొత్త కావు. ఇక్కడ వాహనమంటే హోదా కాదు, జీవనాధారం. దాన్ని కొనేది ఒకసారే. ఆ తరువాతి బతుకంతా మరమ్మతు మీదే నడుస్తుంది. దేశ వాహన విధానాన్ని బేరీజు వేయాలంటే ఢిల్లీలోని మంత్రిత్వ శాఖల ప్రకటనలు చదివితే చాలదు. ఇలాంటి చోట ఒక మెకానిక్ షెడ్డు ముందు నిలబడి, ‘ఈ ముక్క దొరుకుతుందా?’ అన్న ప్రశ్నకు వచ్చే సమాధానం వినాలి.

ఆ సమాధానం కొన్నేళ్లుగా ఖరీదవుతోంది. ముఖ్యంగా ఇంధనాన్ని ఇంజెక్షన్ పద్ధతిలో అందించే పాత కార్ల విషయంలో. ఇంజెక్టర్లు, ట్యాంకులోని విద్యుత్ పంపు, గాలి కొలిచే సెన్సర్, వీటన్నిటినీ నడిపే కంప్యూటర్ పెట్టె - వీటిలో ఏది పాడైనా యజమాని ముందున్న దారులు మూడు. విదేశాల నుంచి తెప్పించుకోవడం, తుక్కు దుకాణంలో వెతుక్కోవడం, లేదా కారునే తుక్కుకు అప్పగించడం. మొదటిది నానాటికీ భారమవుతోంది. రెండవది అదృష్టం మీద ఆధారపడింది. మూడవదే ప్రభుత్వాలకు ఇష్టమైన దారిగా కనిపిస్తోంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో కొలువుదీరిన నిజాం కాలపు రోల్స్ రాయిస్‌ను నడిపించడం కష్టమే కావచ్చు, అసాధ్యం కాదు. దాని కార్బ్యురేటర్‌లో ఉండేవి ఇత్తడి జెట్లు, ఒక తేలుడు బుడ్డి, ఒక సూది. నేర్పున్న పనివాడు లేత్ యంత్రం మీద వాటిని మలచగలడు. 1990ల చివరలో మధ్యతరగతి కొనుక్కున్న కారు అలా కాదు. దాని ఇంజెక్టర్ సెకనులో వెయ్యోవంతుల లెక్కన తెరుచుకుంటూ మూసుకుంటూ, సన్నని రంధ్రాల గుండా పెట్రోలును పిచికారీ చేస్తుంది. ఎంత సేపు తెరుచుకోవాలో చెప్పేది కంప్యూటర్. దానిలోని ఆదేశాలు కంపెనీ గుత్తసొత్తు. నూరేళ్ల కారుకు ఊళ్లోనే వైద్యం దొరుకుతుంది, పాతికేళ్ల కారుకు దొరకదు. లోపం సాంకేతికతది కాదు. ఆ సాంకేతికతను తప్పనిసరి చేసిన రాజ్యం, దాని మరమ్మతు బాధ్యతను ఎవరి మీదా పెట్టకపోవడంలో ఉంది.

తప్పనిసరి చేసిందన్నది అతిశయోక్తి కాదు. 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జాతీయ రాజధాని ప్రాంతంలో యూరో ప్రమాణాల అమలుకు గడువులు విధించింది. 2000 నుంచి తొలి దశ ప్రమాణాలు దేశమంతటికీ వచ్చాయి. కార్బ్యురేటర్ కార్లు క్రమంగా ఉత్పత్తి నుంచి తప్పుకున్నాయి. మారుతి 800 సైతం ఇంజెక్షన్ బాట పట్టింది. గాలి శుభ్రపడటానికి అది అవసరమైన నిర్ణయమే. కానీ ఆ కార్లు పాతబడ్డాక వాటి విడిభాగాలు ఎవరిస్తారన్న ప్రశ్న ఆనాడు ఏ చట్టసభలోనూ చర్చనీయాంశం కాలేదు.

గుజరాత్ అనుభవమే దీనికి గట్టి ఉదాహరణ. హలోల్‌లో జనరల్ మోటార్స్ 1996లో ఓపెల్ ఆస్ట్రాతో ఉత్పత్తి ప్రారంభించింది. 2017 ఏప్రిల్‌లో ఆ కర్మాగారం మూతపడింది. అదే ఏడాది చివరికి కంపెనీ దేశీయ విపణి నుంచే వైదొలిగింది. సాణంద్‌లో కర్మాగారం నెలకొల్పిన ఫోర్డ్ 2021 సెప్టెంబరులో భారత్‌లో ఉత్పత్తికి స్వస్తి ప్రకటించింది. ఆ కర్మాగారాన్ని 2023 జనవరిలో టాటా అనుబంధ సంస్థ రూ.725.7 కోట్లకు సొంతం చేసుకుంది. అంతకు ముందే దేవూ అంతర్ధానమైంది. భూములు చేతులు మారాయి, యంత్రాలు చేతులు మారాయి, కార్మికుల భవితవ్యంపై బేరసారాలు జరిగాయి. ఆ కార్లు కొన్న లక్షల కుటుంబాలకు మాత్రం ఆ ఒప్పందాలలో చోటు లేదు. సేవలు కొనసాగిస్తామన్న హామీలు వెలువడ్డాయి. కానీ హామీ వేరు, చట్టం వేరు. వాహనం ఉత్పత్తి ఆగిన తరువాత ఇన్నేళ్ల పాటు విడిభాగాలు అందించి తీరాలని స్పష్టంగా నిర్దేశించే నిబంధన మన మోటారు వాహన చట్టంలో లేదు.

ఇక ధర విషయం. ఒక విడిభాగం ఉత్పత్తి ఆగగానే గోదాముల్లో మిగిలిన సరుకే ఆధారం. అది తరిగేకొద్దీ ధర పెరుగుతుంది. జర్మనీ కంపెనీలు తమ పాత నమూనాలకు కొన్ని భాగాలను తిరిగి తయారు చేయిస్తున్నాయి. అయితే తక్కువ సంఖ్యలో చేసే వస్తువుకు ఖర్చు ఎక్కువ. బాష్ సంస్థ 1970లలో రూపొందించిన కె-జెట్రానిక్ వ్యవస్థలోని ఇంధన పంపిణీ భాగం వంటివి నేడు నిపుణులు పునరుద్ధరించి అమ్మే అరుదైన సరుకు. వాటిని తెప్పించుకోవాలంటే చెల్లింపు విదేశీ మారకంలో. 2014లో 60 రూపాయల చుట్టూ ఉన్న డాలరు 2025 డిసెంబరులో 90 రూపాయలు దాటింది. ఆపైన కస్టమ్స్ సుంకం, రవాణా ఖర్చు. వాడిన భాగాలను తెప్పించుకుందామంటే, పాత వస్తువుల దిగుమతికి ప్రత్యేక అనుమతి కావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలపై జీఎస్టీని 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించడం ఆహ్వానించదగిన చర్యే. కానీ పన్ను తగ్గించినంత మాత్రాన లేని వస్తువు దుకాణానికి రాదు.

గోరుచుట్టు మీద రోకటి పోటులా వచ్చింది ఇథనాల్ విధానం. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని కేంద్రం 2030 నుంచి 2025కు ముందుకు జరిపింది, సాధించింది కూడా. చమురు దిగుమతుల బిల్లు తగ్గడం, చెరకు రైతుకు గిరాకీ పెరగడం కొట్టిపారేయదగిన ప్రయోజనాలు కావు. బార్డోలి వంటి సహకార చక్కెర కర్మాగారాలున్న సూరత్ జిల్లాకు ఆ సంగతి బాగా తెలుసు. అయితే 20 శాతం మిశ్రమాన్ని తట్టుకునే సామగ్రితో కార్లు రావడం 2023 ఏప్రిల్ నుంచే మొదలైంది. అంతకు ముందరి వాహనాల మాటేమిటి? కొన్ని పాత వాహనాల్లో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు ముందుగానే మార్చవలసి రావచ్చునని, అది చవకైన పనేనని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ స్వయంగా చెప్పింది. పదేళ్ల కారుకు ఆ మాట వర్తించవచ్చు. తయారీదారే దేశం వదిలిపోయిన పాతికేళ్ల కారుకు పంపు, ఇంజెక్టర్ల ఓ-రింగులు, ఇంధన గొట్టాలు ఏ దుకాణంలో చవకగా దొరుకుతాయో శాఖ చెప్పలేదు. ఇథనాల్ లేని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలన్న వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న తోసిపుచ్చింది. న్యాయస్థానం తలుపు మూసుకున్నప్పుడు మిగిలేది రాజకీయ వేదికే. అక్కడ ఈ వినియోగదారుడికి ప్రతినిధి లేడు.

చట్టం దృష్టిలో ఈ కార్ల స్థానం మరీ దయనీయం. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటితేనే ఆ హోదా. రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు. రోజువారీ వాడకానికి వీల్లేదు. ప్రపంచ పాత వాహనాల సంఘాల సమాఖ్య 30 ఏళ్లు దాటి, మూలరూపంలో భద్రపరచిన వాహనాన్ని చారిత్రక వాహనంగా పరిగణిస్తుంది. మన లెక్కన 1995లో కొన్న కారుకు 2045 దాకా ఆ గౌరవం దక్కదు. ఈలోగా అది ఏమిటి? తుక్కు. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము రూ.5 వేలు. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన కారుకు దాన్ని రూ.10 వేలు చేశారు. దిగుమతి చేసుకున్న కారుకైతే రూ.80 వేలు. వయసు పెరిగినకొద్దీ రుసుము పెరుగుతోంది, విడిభాగం ధర పెరుగుతోంది, దొరికే అవకాశం తగ్గుతోంది. తుక్కు విధానాన్ని ప్రధాని 2021 ఆగస్టు 13న ప్రారంభించింది గుజరాత్ పెట్టుబడిదారుల సదస్సులోనే. ఓడలు విడగొట్టే అలంగ్ వాహనాల తుక్కుకూ కేంద్రం కాగలదన్న ఆశాభావమూ ఆ రోజు వ్యక్తమైంది. విరగ్గొట్టడానికి కేంద్రాలు కట్టే రాజ్యం, బాగుచేసుకోవడానికి ఒక్క నిబంధన రాయలేకపోయింది.

పాత కార్లు పొగ కక్కుతాయి కదా, పోతే పోనీ అనే వాదన ఉంది. అది తేలిగ్గా తీసుకోదగింది కాదు. కానీ ఇంజెక్షన్ కారు విషయంలో ఆ వాదన తిరగబడుతుంది. కారుతున్న ఇంజెక్టర్, పనిచేయని ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కారు అవసరానికి మించి ఇంధనాన్ని మండించి విషం చిమ్ముతుంది. అదే కారుకు సరైన భాగం అమరిస్తే ఉద్గారాలు తగ్గుతాయి. విడిభాగం అందకపోతే యజమాని కారును వదిలేస్తాడనుకోవడం భ్రమ. నాసిరకం నకలు బిగించి నడుపుతాడు. మరమ్మతును అడ్డుకోవడం కాలుష్యాన్ని అడ్డుకోవడం కాదు.

రెండవ ఆక్షేపణ మరింత సూటిగా ఉంటుంది. క్లాసిక్ కార్లు ధనికుల వేడుక, దానికి రాజ్యం ఎందుకు తలదూర్చాలి? ధనికుడి గ్యారేజీ గురించి మాత్రమే అయితే ఈ ప్రశ్న న్యాయమైనదే. కానీ 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక ద్విచక్ర వాహనాల్లోనూ ఇంజెక్షన్ పద్ధతే దాదాపు సార్వత్రికమైంది. మరమగ్గం మీద పన్నెండు గంటలు నిలబడి ఇంటికి చేరే కార్మికుడి బండిలోనూ ఇప్పుడు ఇంజెక్టర్ ఉంది, పంపు ఉంది, కంప్యూటర్ ఉంది. ఒకప్పుడు స్పానరు, స్క్రూడ్రైవరుతో తేలిపోయే రోగానికి నేడు స్కానర్ కావాలి. ఆ బండ్లకు పదిహేనేళ్లు నిండే నాటికి, అంటే 2035 ప్రాంతంలో, నేటి క్లాసిక్ కారు యజమాని ఎదుర్కొంటున్న ప్రశ్నే ఉన్ వంటి శివార్లలో ఇంటింటి ప్రశ్న కాబోతోంది. పాత కారు ముందుగా దగ్గుతోంది, అంతే. రోగం అందరిదీ.

దీనికి మందు తెలియక కాదు. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న పద్నాలుగు కార్ల కంపెనీలపై రూ.2,544 కోట్ల జరిమానా విధించింది. విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను స్వతంత్ర మెకానిక్‌లకు అందకుండా చేయడం పోటీకి విరుద్ధమని తేల్చింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్న సామెతకు ఇంతకు మించిన ఉదాహరణ ఉండదు. ఆ తీర్పు అప్పీళ్ల చిక్కుముడిలో పడింది. 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. దాని పరిధిలో వాహన రంగాన్నీ చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ ప్రారంభమైంది. పోర్టల్ సమాచారం ఇస్తుంది, హక్కు ఇవ్వదు. అమెరికాలోని మసాచుసెట్స్ 2012లోనే వాహనాల మరమ్మతు హక్కును చట్టం చేసింది. ఆ ఒక్క రాష్ట్రం పట్టుదలతో 2014 నాటికి వాహన పరిశ్రమ దేశవ్యాప్త అంగీకారానికి దిగివచ్చింది.

కేంద్రం చేయవలసినవి నాలుగు పనులు. ఉత్పత్తి ఆగిన తరువాత నిర్ణీత కాలం ఇంధన వ్యవస్థ భాగాలు అందించడాన్ని చట్టబద్ధ బాధ్యత చేయాలి. దేశం విడిచిపోయే కంపెనీ ఆ భాగాల నక్షాలను, కంప్యూటర్ ఆదేశాలను దేశీయ తయారీదారులకు అందించాకే నిష్క్రమణ అనుమతి పొందాలి. 1951లో బెంగళూరులో మైకోగా మొదలై ఇంధన పంపులు చేసిన దేశానికి, రాజ్‌కోట్, కోయంబత్తూరు వంటి నగరాల్లో సూక్ష్మ యంత్రభాగాలు మలిచే దేశానికి ఆ నక్షాలుంటే తయారీ అసాధ్యం కాదు. తుక్కు కేంద్రాలు పనికొచ్చే ఇంజెక్టర్లు, సెన్సర్లను పరీక్షించి, రికార్డుతో అమ్మాలి. వింటేజ్ హోదాను 30 ఏళ్లకు తగ్గించి, అలాంటి కార్లకు అవసరమైన భాగాల దిగుమతిని సులభం చేయాలి.

వీటిలో ఏదీ ఖజానాను కుంగదీసేది కాదు. పరిశ్రమకు కొంత ఇబ్బంది కలిగిస్తుంది, అంతే. ఆ ఇబ్బందిని పరిశ్రమ చేత అంగీకరింపజేయడమే రాజకీయం చేయవలసిన పని. హలోల్‌కు, సాణంద్‌కు కంపెనీలను రప్పించినప్పుడు రిబ్బన్లు కత్తిరించిన నాయకులు, అవి వెళ్లిపోయినప్పుడు వినియోగదారుడి పక్షాన ఒక్క షరతైనా పెట్టలేదు. రాబోయే కంపెనీల విషయంలోనైనా ఆ షరతు ఒప్పందంలోనే ఉండాలి. లేకపోతే పదేళ్ల తరువాత ఉన్‌లో ఒక మెకానిక్, ఒక కార్మికుడి బండి ముందు కూర్చుని, ‘ముక్క దొరకదు భాయ్’ అని చెబుతాడు. ఆ మాట అతని నోటి నుంచి వచ్చినా, దానికి బాధ్యులు ఢిల్లీలో ఉంటారు.