పరుగు ఒక్కటే చాలా?

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో టెరాన్స్ గోర్ 112 మ్యాచ్‌లు ఆడాడు. కొట్టిన హిట్లు 16. హోమ్‌రన్ ఒక్కటీ లేదు. స్టీల్ చేసిన బేస్‌లు మాత్రం 43, దొరికిపోయింది 9 సార్లే. తక్కిన ఆటజీవితమంతా మైనర్ లీగుల్లో, చిన్న ఊళ్ల స్టేడియాల్లో గడిచింది. ఒక కుర్రాడి కాళ్లను మాత్రమే వాడుకుని బ్యాటును గాలికొదిలేశారని ఆ అంకెలు చూసి కొందరు బాధపడతారు. ఆ కాళ్లు లేకపోతే అతని పేరే ఎవరికీ తెలిసేది కాదని మరికొందరంటారు. రెండు మాటల్లోనూ పస ఉంది కాబట్టే దీన్ని నిదానంగా తూచి చూడాలనిపించింది.

ముందు బేస్ స్టీల్ చేయడం, అంటే పిచర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కు పరిగెత్తడం, ఎంత కష్టమో చూడాలి. క్రికెట్‌లో బౌలర్ బంతి వదిలేలోపు నాన్‌స్ట్రయికర్ క్రీజు దాటి కాస్త ముందుకు జరుగుతాడు కదా, ఫస్ట్ బేస్ మీదున్న రన్నర్ చేసేదీ అలాంటిదే. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. రన్నర్ పన్నెండడుగుల దాకా ముందుకు జరిగి నిలబడతాడు. పిచర్ కదలిక మొదలైనప్పటి నుంచి బంతి క్యాచర్‌కు చేరడానికి సుమారు 1.3 సెకన్లు. క్యాచర్ దాన్ని అందుకుని సెకండ్ బేస్‌కు విసరడానికి మరో 2 సెకన్లు. ఆ 3.3 సెకన్లలోనే రన్నర్ మిగిలిన దూరం పరిగెత్తి, దుమ్ములో జారి, బేస్‌ను తాకాలి. కాన్సాస్ సిటీ రాయల్స్ జట్టులో ఫస్ట్ బేస్ కోచ్ రస్టీ కుంట్జ్ స్టాప్‌వాచ్ పట్టుకుని పిచర్ల సమయాలు లెక్కగట్టేవాడు. పదోవంతు సెకను ఎటు మొగ్గితే ఫలితం అటు. పైగా గోర్ మైదానంలోకి వచ్చాడంటే ఎందుకొచ్చాడో స్టేడియంలో ప్రతి ఒక్కరికీ తెలుసు. పిచర్ పదేపదే ఫస్ట్ బేస్‌కు బంతి విసిరి అతన్ని వెనక్కి తరుముతుంటాడు. అంతమంది కాచుకుని ఉండగా పరిగెత్తి నెగ్గుకొచ్చాడంటే అది ఉత్త వేగంతో అయ్యే పని కాదు.

గోర్ పుట్టింది జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో. 1983లో విన్స్ కోల్‌మన్ మైనర్ లీగుల్లో 145 బేస్‌లు స్టీల్ చేసింది ఆ ఊరి జట్టుకు ఆడుతూనే. గోర్ ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. ఫ్లోరిడాలోని పనామా సిటీలో కమ్యూనిటీ కాలేజీ తరఫున ఆడుతుండగా, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2011 డ్రాఫ్ట్‌లో 20వ రౌండ్‌లో రాయల్స్ తీసుకుంది. ఆ రౌండ్‌లో వచ్చినవాళ్లలో చాలామంది రెండు మూడేళ్లకే ఆట మానేసి వేరే పని చూసుకుంటారు. ఆ రోజుల్లో మైనర్ లీగుల్లో కింది మెట్టయిన క్లాస్-ఎ ఆటగాడి జీతం నెలకు 1,100 డాలర్ల దగ్గర మొదలయ్యేది, అదీ సీజన్ నడిచే నెలల్లోనే. 2013లో లెక్సింగ్టన్ జట్టుకు 68 బేస్‌లు స్టీల్ చేయడంతో గోర్ పేరు పైవాళ్ల చెవిన పడింది.

అప్పట్లో సెప్టెంబరు రాగానే మేజర్ లీగ్ జట్లు తమ బలగాన్ని 40 మంది దాకా పెంచుకునే వీలుండేది. ఆ వీలుకు కాస్త ముందే, 2014 ఆగస్టు చివర్లో గోర్ పైకొచ్చాడు. సెప్టెంబరు 30 రాత్రి ఓక్‌లాండ్‌తో వైల్డ్‌కార్డ్ మ్యాచ్. ఓడితే ఇంటికే. ఆ రాత్రి రాయల్స్ ఏడు బేస్‌లు స్టీల్ చేసింది, ఏడుగురు ఆటగాళ్లు తలా ఒకటి. వాళ్లలో గోర్ ఒకడు. 12 ఇన్నింగ్స్ సాగిన ఆ మ్యాచ్‌ను రాయల్స్ 9-8తో గెలిచి, అక్కణ్నుంచి వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. కళ్లన్నీ తన మీదే ఉన్న వేళ, బ్యాటు పట్టే పని లేకుండా, కూర్చున్నచోటి నుంచి లేచి వచ్చి ఆ పని చేశాడు. దాన్ని చిన్న పని అనడానికి నాకు నోరు రాదు.

అతని దారి సరైనదే అనేవాళ్ల వాదన ఇక్కణ్నుంచి మొదలవుతుంది. మేజర్ లీగ్‌లో 43 రోజులు జట్టులో ఉంటే చాలు, ఆటగాడికి పెన్షన్ హక్కు వస్తుంది. 2014లో అక్కడి కనీస జీతం సీజన్‌కు 5 లక్షల డాలర్లు, ఎన్ని రోజులుంటే అన్ని రోజుల లెక్కన ఇస్తారు. కింద నెలంతా ఆడితే వచ్చే డబ్బు పైన ఒక్క రోజులో చేతికందుతుంది. రాయల్స్, డాడ్జర్స్, బ్రేవ్స్ విజేతలైన ఏళ్లలో ఆ జట్ల వెంట ఉన్నందుకు చాంపియన్‌షిప్ ఉంగరాలూ దక్కాయి. పదేళ్లు మంచి సగటుతో ఆడి ఒక్క ఉంగరమూ చూడని బ్యాట్స్‌మన్లు ఎందరో ఉన్నారు. ఇరవయ్యో రౌండ్ కుర్రాడికి ఇంతకంటే ఏం కావాలని వాళ్లడుగుతారు.

ఎదుటివాళ్లు చెప్పేది వేరు. బ్యాటింగ్ అనేది పిచర్ల ముందు నిలబడుతూ నేర్చుకోవాల్సిన విద్య. గోర్‌కు మేజర్ లీగ్‌లో మొదటి హిట్ దక్కింది నాలుగేళ్ల తర్వాత, 2018 సెప్టెంబరులో, కబ్స్ జట్టుకు ఆడుతూ. బంతి వేసింది మాక్స్ షెర్జర్. అంతకుముందు ప్రతి శరదృతువులోనూ పైకి పిలవడం, బెంచీ మీద కూర్చోబెట్టడం, ఒక బేస్ కోసం లేపడం. 2015లో హ్యూస్టన్‌తో సిరీస్‌లో గోర్ థర్డ్ బేస్‌కు చేరాడని అంపైర్ మొదట తేల్చాడు. రీప్లేలో ఒక క్షణం శరీరం బేస్ నుంచి లేచిందని కనబడి ఔట్ ఇచ్చారు. తర్వాతి బంతికి సరిదిద్దుకునే వీలు రోజూ ఆడేవాడికి ఉంటుంది. ఒక్క పనికే పిలిచినవాడికి ఆ రాత్రి అంతటితో సరి.

అయితే అవకాశమే ఇవ్వలేదంటే ఒప్పుకోను. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మైనర్ లీగుల్లో అతను మామూలు ఔట్‌ఫీల్డర్‌గా ఆడుతూనే ఉన్నాడు.  నార్త్‌వెస్ట్ ఆర్కన్సా జట్టుకు సీజన్ల తరబడి బ్యాటు పట్టాడు. బ్యాటింగ్ మాత్రం సాదాసీదాగానే ఉండిపోయింది. బిల్లీ హామిల్టన్ కథ కూడా ఆ వాదానికి అడ్డొస్తుంది. 2012లో అతను 155 బేస్‌లతో కోల్‌మన్ మైనర్ లీగ్ రికార్డును చెరిపేశాడు. సిన్సినాటి రెడ్స్ అతన్ని సెంటర్ ఫీల్డ్‌కు మార్చి ఐదేళ్లు రోజూ ఆడనిచ్చింది. మొదటి నాలుగేళ్లలో ఏడాదికి 56, 57, 58, 59 అంటూ స్టీల్స్ పెరుగుతూ పోయాయి. బ్యాటు ఎదగలేదు. 2018 తర్వాత రెడ్స్ వదిలేసుకుంది.

అయినా నా మనసు 2019 దగ్గర ఆగిపోతుంది. ఆ ఏడాది గోర్ తిరిగి రాయల్స్‌కు వచ్చాడు. జీవితంలో మొదటిసారి కాస్త సరిగ్గా బ్యాటు చేతికిచ్చారు. 51 సార్లకు 14 హిట్లు, సగటు .275, పైగా 13 స్టీల్స్. 51 సార్లతో ఏదీ రుజువు కాదని తెలుసు. కానీ రాయల్స్ ఆ సీజన్‌లో 103 మ్యాచ్‌లు ఓడింది. అలాంటి జట్టుకు ఇంకో రెండొందల సార్లు అతన్ని నిలబెట్టి చూస్తే పోయేదేముంది? జూలైలో డబ్బు తీసుకుని యాంకీస్‌కు ఇచ్చేశారు. యాంకీస్ అతన్ని మైనర్ లీగుల్లో పైమెట్టయిన ట్రిపుల్-ఎలోనే ఉంచేసింది. 2014లో రాయల్స్ చేసింది రెండు వైపులకూ మేలైన బేరం. 2019లో చూపింది అనాసక్తి. గోర్‌కు అన్యాయం జరిగిందంటే అది అక్కడే జరిగిందంటాను.

ఒక్క విద్యనే నమ్ముకున్నవాడి బతుకు నిబంధనల చేతిలో ఉంటుందన్న మాట కూడా నిజమే. సెప్టెంబరు బలగాన్ని 40 నుంచి 28కి తగ్గించే నిబంధన 2020లో వచ్చింది. పరుగు కోసమే ఒకణ్ని పక్కన ఉంచుకునే వెసులుబాటు చాలా జట్లకు పోయింది. 2022లో మెట్స్ తరఫున గోర్ ఆఖరిసారి మేజర్ లీగ్‌లో కనిపించాడు. ఆ మరుసటి ఏడాదే బేస్‌ల వెడల్పును 15 అంగుళాల నుంచి 18కి పెంచి, పిచర్ రన్నర్‌ను వెనక్కి తరిమే ప్రయత్నాలకు హద్దు పెట్టారు. లీగ్ మొత్తంలో స్టీల్స్ 2,486 నుంచి 3,503కి ఎగబాకాయి. ఆ నిబంధనలు ముందే వచ్చుంటే గోర్ ఇంకెన్ని స్టీల్ చేసేవాడోనని అతని అభిమానులు లెక్కలేసుకోవచ్చు. నాకు అనుమానమే. ఆ ఏడాది రోనాల్డ్ అకునా 73 బేస్‌లు స్టీల్ చేసి 41 హోమ్‌రన్‌లూ కొట్టాడు. బ్యాటున్నవాళ్లకే పరుగు సులువైతే, పరుగు ఒక్కటే ఉన్నవాడికి జట్టులో చోటు ఇంకా తగ్గుతుంది.